ఉత్తరంలో నేను తీసేసిన మనిషి

పదిహేడేళ్లలో నేను పరాయివాళ్ల కోసం రాసిన ఉత్తరాలు ఎనిమిది వందల ముప్పై ఒకటి. ఇందులో తప్పు లేదు. ఉత్తరానికొక గీత గీసి, అయిదో గీత అడ్డంగా కొట్టిన పుస్తకం నా దగ్గరే ఉంది. వాటిలో ఉన్నది ఉన్నట్టు రాసినవి ఎన్ని అంటే మాత్రం లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు. మిగిలినవన్నీ కథలే.

చెరకు తోటల్లో కూలీలుండే గదుల వరుసల్ని కూలి లైన్లంటారు. అక్కడ ఉత్తరాలు రాసేవాడంటే కథలు కట్టేవాడని అర్థం. రేకుల గదిలో ఉన్నవాడు పెంకుటింట్లో ఉన్నానని రాయిస్తాడు. జ్వరంతో మూలుగుతున్నవాడు ఒళ్లు చేశానని రాయిస్తాడు. సముద్రం అవతల తల్లి ఏడవకూడదని అబద్ధం. ఆ అబద్ధం నమ్మేలా ఉండాలని నా దగ్గరికి రావడం. నా పని ఇదేనని మొదటిరోజే ఎవరైనా చెప్పి ఉంటే, ఒక పెద్ద పొరపాటు చేయకుండా ఉండేవాణ్ణి.

నాకిప్పుడు నలభై ఎనిమిది. దూరాన చెరకు ఆకు కనిపిస్తుంది, ఒళ్లో ఉన్న అక్షరం కనిపించదు. అందుకని పని మానేశాను. ఈ దీవిలో లౌటోకాలోనూ నాడీలోనూ ఆదివారాలు కాగితం, సిరాబుడ్డి పెట్టుకుని కూర్చుంటున్న కొత్తవాళ్లు ముగ్గురు మొన్న నన్ను వెతుక్కుంటూ వచ్చారు. "మామా, నియమం ప్రకారం రాయాలా, మనసుకి తోచినట్టు రాయాలా?" అని అడిగారు. నోటితో చెప్పబోతే మాట ఎటో పోయింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు పెద్దవిగా ఉంటే ఏమీ అనుకోవద్దు.

పంతులు దగ్గర నేర్చుకున్నది

గిర్మిట్ కాగితం మీద, అంటే అయిదేళ్ల కూలి ఒప్పందం మీద, నేను వేలిముద్ర వేశాను. అప్పటికి నాకు అక్షరం రాదు. లెక్క మాత్రం వచ్చు. అదీ ఎవరూ నేర్పింది కాదు, చిన్నప్పటి నుంచీ కనబడిన ప్రతిదాన్నీ లెక్కపెట్టడం నా జబ్బు. రారవాయి చెరకు మిల్లుకి రెండు మైళ్ల అవతల మా తోటలో దిగిన రోజునే గదులు లెక్కపెట్టాను. ఒక్కో గది పది అడుగుల పొడుగు, ఏడడుగుల వెడల్పు. గదికి ముగ్గురు మగవాళ్లు. గదుల మధ్య చెక్క గోడ కప్పుదాకా ఉండదు, కాబట్టి మొదటి గదిలో దగ్గితే మూడో గదిలో వినబడేది.

నా గదిలో ఉన్నవాళ్లు అప్పన్న, జగ్గయ్య పంతులు. పంతులు మా జిల్లాలోనే వీధి బడి నడిపినవాడు. బడి ఉద్యోగం ఇప్పిస్తామని ఓడెక్కించి, ఇక్కడ చేతికి చెరకు కత్తి ఇచ్చారు. మొదటి వారంలోనే అరచేతులు రెండూ పుండ్లు పడ్డాయి. ఆ చేతులతోనే నాకు నేలమీద బొగ్గుతో అక్షరాలు దిద్దించాడు. పదకొండు నెలలు పట్టింది. పంతులుకి కత్తి పట్టిన వేళ్లు బిగుసుకుపోయి కలం ఆగేది కాదు. అందుకని ఆయన నియమాలు చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి.

ఆయన నియమాలు ఇవి. ఎవరు, ఎక్కడ, ఎలా ఉన్నారన్నది ముందు తేల్చాలి. ఒక ఉత్తరానికి ఒకటే సంగతి ఉండాలి. చూడనివాడికి చూపించాలంటే వివరం ఇవ్వాలి. పని లేని మనిషిని లోపలికి తీసుకురాకూడదు. తెస్తే వాడి మొదలూ చివరా చెప్పి పంపాలి. "కథకైనా, ఉత్తరానికైనా ఇదే శాస్త్రం, సూరన్నా. తోచినట్టు రాసేవాడు తోవ తెలియని ఊళ్లో నడిచేవాడు," అనేవాడు.

నాకు ఆ నియమాలు నచ్చాయంటే, అవి కొలతలు కాబట్టి నచ్చాయి. ఒక కాగితానికి నా దస్తూరీలో ముప్పై వరుసలు పడతాయి. తలకి అయిదు, ఒంటికి ఇరవై, ముగింపుకి అయిదు. మా మేస్త్రీ, అంటే సర్దారు, పొద్దున్నే మనిషికొకటి పంచే చెరకు సాళ్లలాగే ముందే గీతలు గీసి పెట్టుకునేవాణ్ణి.

అప్పన్న ఎద్దు

నియమాలు పనికిరావని ఎవరైనా చెబితే వాళ్లకి అప్పన్న సంగతి చెప్పండి.

అప్పన్న మనసుకి తోచినట్టు మాట్లాడే మనిషి. నేను అక్షరాలు నేర్వకముందు పక్క తోటలో ఒకడిచేత ఇంటికి రెండు కాగితాల ఉత్తరం రాయించాడు. రాసినవాడు అప్పన్న అన్నదల్లా రాశాడు. అన్నదంతా ఎద్దు గురించే. ఊరు వదిలిన రోజు కుంటుతున్న ఎద్దు, దాని కుడికాలు, దానికి పసుపు కట్టారా, దాన్ని అమ్మొద్దు, అమ్మితే ఊరుకోను. అయిదు నెలలకి తండ్రి నుంచి జవాబు వచ్చింది. పంతులు గదిలో పైకి చదివాడు.

"ఎద్దు బాగానే ఉంది. నువ్వు ఎక్కడ చచ్చావురా?"

లైనంతా నవ్వింది. అప్పన్న మాత్రం నొచ్చుకున్నాడు. "ఎక్కడున్నానో నాకు మాత్రం తెలుసా పంతులూ? సముద్రం మీద తెచ్చారు, దింపారు. తెలిసింది ఎద్దు ఒక్కటే, అదే రాయించాను," అన్నాడు.

ఆ మాటలో ఉన్నది నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది. అప్పుడు మాత్రం పంతులు నియమం గెలిచిందనుకున్నాను. తర్వాతి ఉత్తరం నేనే రాశాను. ఎవరు, ఎక్కడ, ఎలా. అంతా సవ్యంగా వెళ్లింది, సవ్యంగా జవాబు వచ్చింది.

రెండిళ్లకి ఒకే చిలకలు

నియమాలు మనల్ని సోమరిని కూడా చేస్తాయి. ఒకసారి బా నది ఒడ్డున సాయంత్రం చిలకల గుంపు వాలడం గురించి నాలుగు వరుసలు రాశాను. బాగా కుదిరాయి. కుదిరినదాన్ని ఎందుకు వదలాలి? ఆ నాలుగు వరుసలూ పదమూడు మంది ఉత్తరాల్లో పెట్టాను.

నేను మరిచిపోయింది ఒకటుంది. మా తోటలో వాళ్లంతా కూలీల్ని ఓడెక్కించే ఒకే డిపో నుంచి, ఒకే ఓడలో, చాలామంది ఒకే ఊరి నుంచి వచ్చినవాళ్లు. ఊళ్లో చదువు వచ్చినవాడు ఒక్కడే ఉంటాడు. ఉత్తరం వస్తే అతని అరుగు మీద ఊరంతా చేరుతుంది. ఒకేరోజు రెండు ఉత్తరాలు వచ్చాయట. మొదటిదాంట్లో చిలకలు వాలినప్పుడు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారట. రెండోదాంట్లోనూ అవే చిలకలు, అదే గట్టు, అదే మాట. ఆ రెండో ఇల్లాలు మొగుడికి ఇలా రాయించింది: "నీ చిలకలు ముందు ఎదురింటికి వెళ్లి, తర్వాత మనింటికి వచ్చాయి. ఇకమీద నువ్వు మాట్లాడు, చిలకల్ని పంపకు."

ఆ మొగుడు నాతో నెలరోజులు మాట్లాడలేదు. అది నవ్వుకుని మరిచిపోగల పొరపాటు. ఇప్పుడు చెప్పబోయేది అలాంటిది కాదు.

పైడమ్మ మొదటి ఉత్తరం

పైడమ్మ నా ఓడలోనే వచ్చింది. ఒకే ఓడలో వచ్చినవాళ్లం ఇక్కడ అన్నాచెల్లెళ్లమే. ఇరవై ఆరేళ్లుంటాయి. ఊళ్లో తల్లి, ఒక చెల్లెలు. చెల్లెలి పేరు సింహాచలం. పైడమ్మ, రావులమ్మ అనే పెద్దామె కలిసి లైను చివరి గదిలో ఉండేవారు.

ఒక ఆదివారం పొద్దున చెరకు బళ్ల పట్టాల పక్కన కూర్చుని రాస్తున్నాను. ఆమె వంతు వచ్చింది.

"అమ్మకి రాయి అన్నా. నాను బాగున్నాను. ఇల్లు పెంకుటిల్లు. తిండికి లోటు నేదు. సెల్లిని జాగర్తగా సూసుకోమను."

రాశాను. ఆమె పట్టాల వైపు చూస్తూ మళ్లీ మొదలుపెట్టింది.

"మా పక్క గదిలో ఒక మనిసుంది. బంగారమ్మని. సర్దారు దానికి రోజూ సివరి సాలే ఇస్తాడు. అందరూ ఈ పక్కనుంటే అదొక్కతే ఆ సివర్న. కోక మీంచి నడుం సుట్టూ గోనె తాడు కట్టుకుని ఎల్తాది. ఆ ముడి ఇప్పాలంటే దానికే సేపు పడతాది. అలాటి ముడి."

నేను కలం ఆపాను. పని లేని మనిషిని లోపలికి తేకూడదు. పైగా ఇది నిజం కూడా కాదు.

"పైడమ్మా, నీది చివరి గది. ఒక పక్క గోడే ఉంది. రెండో పక్క గదిలో ఉన్నది ముగ్గురు మగాళ్లు. బంగారమ్మ అనే పేరుగల మనిషి మన తోటలోనే లేదు."

"నేదా అన్నా?"

"లేదు. నేను లెక్కపెట్టాను."

ఆమె నా ముఖం వైపు చూసింది. "అయితే తీసీ," అంది.

తీసేశాను. గదులు లెక్కపెట్టినంత జాగ్రత్తగా ఆమె ముఖం చూడలేదు. కాగితంలో పన్నెండు వరుసలు ఖాళీ మిగిలాయి. ఖాళీ వదలడం నాకు పడదు. వివరం ఇవ్వాలన్న పంతులు నియమం ఉందిగా, దానికి నా లెక్క జోడించాను. పెంకులు పదహారు వరుసలు. బావికి ఇరవై రెండు అడుగులు. గుమ్మం ముందు కొబ్బరిచెట్లు ఆరు, రెండు కాపుకొచ్చాయి. మేం కూర్చున్న చోట కొబ్బరిచెట్టు ఒక్కటి కూడా లేదు.

చదివి వినిపించాను. "బాగుంది," అని వెళ్లిపోయింది. ఆ ఉత్తరం చూసి నేను గర్వపడ్డాను. అబద్ధానికి ఒక అంకె కలిపితే అది నిజం కంటే గట్టిగా నిలబడుతుంది. నా పనిలో అందరికంటే నాకు బాగా చేతనైంది అదే. దానికి భయపడాలని అప్పటికి తెలియదు.

రెండున్నర నెలల దూరం

అయిదున్నర నెలలకి జవాబు వచ్చింది. పైడమ్మ ఎదురుగా కూర్చుంది. నేను చదివాను. రాయించింది చెల్లెలు.

"అప్పా, మా ఆయన పోయి తొమ్మిది నెలలు దాటింది. నీకు చెప్పి బాధపెట్టకూడదని ఇన్నాళ్లూ రాయించలేదు. ఆయన సంవత్సరీకం అయిన మర్నాడు నేను డిపోకి బయల్దేరతాను. ఊళ్లోకి వచ్చే డిపో మనిషి నీ ఉత్తరం అరుగు మీద కూర్చుని విన్నాడు. నిన్ను పంపిన తోటకే పంపుతానన్నాడు. ఆ ఆరు కొబ్బరిచెట్ల కింద మనిద్దరం పడుకుందాం. అమ్మ వద్దంటోంది. నువ్వు రమ్మని రాస్తే ఊరుకుంటుంది."

పైడమ్మ నా చేతిలో కాగితం వైపు చూసింది.

"కొబ్బరిసెట్లేటి అన్నా? నాను సెప్పనేదే."

"నేనే పెట్టాను."

"ఎందుకు?"

కాగితంలో ఖాళీ ఉందని చెప్పలేను కదా.

నాకు వచ్చిన పని ఒక్కటే, లెక్క. సింహాచలం ఈ ఉత్తరం రాయించే వేళకి తొమ్మిది నెలలు. అది ఇక్కడికి రావడానికి రెండున్నర నెలలు. అంటే పన్నెండో నెలలో పడ్డాం. లెక్క మళ్లీ చేశాను, మళ్లీ చేశాను. మా జవాబు ఊరు చేరడానికి ఇంకో రెండున్నర నెలలు. అప్పటికి సంవత్సరీకం అయిపోయి రెండు నెలలు దాటుతుంది. ఇక ఉన్నది ఒకటే ఆశ. ఓడ నిండేదాకా జనాన్ని డిపోల్లో ఆపుతారు, చెరకు కోతల కాలాన్ని బట్టి ఓడలు పంపుతారు. ఆ ఏడు ఓడ ఆలస్యమని మిల్లు దగ్గర అనుకుంటున్నారు. అందుకని డిపో మనిషి ఊళ్లోకి మళ్లీ వచ్చేదాకా ఆమె ఇంటి దగ్గరే ఉండవచ్చు. ఉండకపోవచ్చు కూడా.

"ఈరోజే రాద్దాం," అన్నాను. పంతుల్ని పిలిచాను.

పంతులు శాస్త్ర ప్రకారం నాలుగు కారణాలు చెప్పాడు. సముద్ర ప్రయాణం గండం. తల్లి ఒంటరిదైపోతుంది. ఎండకి తాళలేరు. అయిదేళ్లదాకా తిరిగి రావడం ఉండదు. ఒక్కో కారణానికి అయిదు వరుసలు. రాసి వినిపించాను. పైడమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇది ఇంటే అది తప్పకండా వస్తాది. అదలాటిదే. ఒక్కో దానికీ బదులు సెప్తాది. అమ్మనీ తెచ్చీస్తానంటాది."

"అయితే ఇక్కడ ఉన్నది ఉన్నట్టు రాద్దాం," అన్నాడు పంతులు.

"అరుగు మీద ఊరంతా ఇంటాది పంతులూ. అమ్మ ఇంటాది. అదిన్నాక నానా ఊరెలా ఎల్తాను?"

పంతులు తల దించుకున్నాడు. పైడమ్మ లేచి నిలబడింది. కొంగు సర్దుకుంటుంటే నడుం దగ్గర కోక మీద గోనె తాడు కనబడింది. గట్టిగా, ముడి మీద ముడి వేసి ఉంది.

నా వయసుకి, నా జాగ్రత్తకి, ఆ తాడు చూడటానికి ఆరు నెలలు పట్టింది.

"పైడమ్మా, కూర్చో," అన్నాను. "పక్క గదిలో బంగారమ్మ ఎలా ఉంది?"

ఆమె నన్ను చూసింది. "పక్క గదిలో మగోళ్లే ఉన్నారన్నావు గదా?"

"ఆ రోజు నేను లెక్క తప్పాను."

నడుమ పెట్టు

ఆమె చెప్పింది. వరస లేకుండా చెప్పింది. తాడు దగ్గర మొదలుపెట్టి, సగంలో వదిలి, లైన్లో మేక రెండు పిల్లల్ని ఈనిందని చెప్పి, మళ్లీ బంగారమ్మ దగ్గరికి వచ్చింది. బంగారమ్మ గోడకి వీపు ఆనించి అన్నం తింటుందట. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే పలకదట, ముందుకొచ్చి నిలబడితేనే పలుకుతుందట. "దానికీ ఊళ్లో ఒక సెల్లుందంట. బాగున్నానని దానికి రాయించిందంట. ఆ సెల్లి వస్తానంటోందంట. ఇది పగలల్లా ఓడ మునిగిపోవాలని మొక్కుతోంది. ఓడలో అంత మంది ఉంటారు గదా అంటే, నాకు తెల్దు అంటాది."

నేను రాస్తూ పోయాను. నా చెయ్యి మూడుసార్లు సర్దడానికి వెళ్లింది, మూడుసార్లు ఆపాను. ఆమె అక్షరం ముక్క రానిది. ఎవరి దగ్గరా కథ కట్టడం నేర్చుకోలేదు. ఊరంతా వినే చోట ఒక్క మనిషికి చెప్పాల్సిన నిజాన్ని వేరే పేరు కింద దాచాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు. మొదటిసారే ఆ పని చేసింది. నేనే కొట్టిపారేశాను.

పంతులు రాసిందంతా విన్నాడు. ఇది శాస్త్రం కాదంటాడని అనుకున్నాను. ఆయన అరచేతులు రుద్దుకున్నాడు.

"ఒక్క మాట కూడా మార్చకు," అన్నాడు. "కాని ఎక్కడ పెట్టావు? ఆఖరున. ఆఖరున విన్నది అందరూ ఇంటికి పట్టుకెళ్తారు. డిపో మనిషి కూడా పట్టుకెళ్తాడు. మొదట్లో పెడితే అందరూ చెవులు రిక్కిస్తారు. నడుమ పెట్టు. ముందు వానల సంగతి, తర్వాత బంగారమ్మ, ఆ వెంటనే మేక. ఆమె పేరు ఒక్కసారే చెప్పు. వినాల్సినవాళ్లు వింటారు. మిగతావాళ్లు మేక దగ్గర నవ్వుకుంటారు."

"పంతులు సెప్పినట్టే పెట్టన్నా," అంది పైడమ్మ.

నన్ను అడిగిన ముగ్గురికీ నా జవాబు ఇక్కడే ఉంది. ఏం చెప్పాలన్నది పైడమ్మకి తెలుసు, అది నియమంలోంచి రాదు. ఎక్కడ చెప్పాలన్నది పంతులుకి తెలుసు, అది నియమంలోంచే వచ్చింది. మనం చేయకూడనిదల్లా ఒకటే. రెండోది నేర్చుకుని, దాంతో మొదటిదాన్ని కొట్టేయకూడదు. ఎదుటివాడు చెప్పేదాంట్లో ఒక ముక్క మన కొలతకి ఇమడకపోతే, ముందు కొలతని అనుమానించండి. అతికినట్టు లేని ముక్కలోనే చాలాసార్లు అసలు మనిషి కూర్చుని ఉంటాడు. అప్పన్న ఎద్దు కూడా అలాంటిదే. వాడికి తెలిసిన ప్రపంచంలో మిగిలింది ఆ ఎద్దు ఒక్కటే. నేను దాన్ని రెండో ఉత్తరంలోంచి తీసేసి, అందరిలాంటి ఉత్తరం ఒకటి పంపాను.

ఉత్తరం రాయడంతో నా బాధ్యత తీరలేదు. ఆ సాయంత్రమే రావులమ్మతో మాట్లాడాను. మర్నాటి నుంచి ఆడవాళ్లంతా ఒకచోట నిలబడి, తమ సాళ్లు పక్కపక్కన ఇస్తేనే కత్తి పడతామన్నారు. సర్దారు తిట్టాడు, కొలంబర్‌ని పిలిచాడు. కొలంబర్ అంటే తోట పైనున్న తెల్లదొర. అతనికి కావలసింది చెరకు కోత. పని ఆగుతుందని ఒప్పుకున్నాడు. చివరి సాలు మగవాళ్లకి పోయింది. పైడమ్మ తాడు మాత్రం విప్పలేదు.

సింహాచలం, ఔరత్

నాలుగు నెలలు గడిచాయి. జవాబు రాలేదు. ఓడ వచ్చింది.

కొత్త గుంపు మా తోటకి నడిచి వచ్చిన పొద్దున మేమంతా వరసలో ఉన్నాం. సర్దారు కాగితం పట్టుకుని పేర్లు చదువుతున్నాడు. నేను లెక్కపెడుతున్నాను. పందొమ్మిది మంది మగవాళ్లు అయ్యారు, ఆడవాళ్లు మొదలయ్యారు. అయిదో పేరు.

"సింహాచలం. ఔరత్. ఉమర్ బాయీస్."

పైడమ్మ చేతిలో కత్తి జారి పాదం పక్కన పడింది. ఆడమనిషి, ఇరవై రెండేళ్లు. చెల్లెలి వయసు అంతే. ఆమె వరస వదిలి పరిగెత్తింది. సర్దారు అరుస్తున్నాడు. నేనూ వెళ్లాను.

పట్టాల పక్కన ఏడుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. పైడమ్మ ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని పైకెత్తి చూసింది. నాలుగో మనిషి, "ఏటప్పా?" అంది.

"నీ పేరేటి?"

"సింహాచలం."

వేరే మనిషి. ముఖం గుండ్రం, కళ్లు ఉబ్బి ఉన్నాయి. మా జిల్లా అంతా కొండ మీది దేవుడి పేరే పెట్టుకుంటుంది. మగవాళ్లకీ అదే, ఆడవాళ్లకీ అదే. నా లెక్క ప్రకారం మా లైన్లోనే అప్పటికి నలుగురున్నారు. అయినా ఆ క్షణంలో నాకు అది గుర్తుకు రాలేదు.

పైడమ్మ నేల మీద కూలబడింది. నవ్విందో ఏడ్చిందో తెలియదు. ఆ పిల్ల బెదిరిపోయి, "నానేటి సేసినానప్పా?" అంది.

"ఏటీ సేయనేదు," అంది పైడమ్మ, ముక్కు తుడుచుకుంటూ. "నెగు. నువ్వెవరి సెల్లివైనా సరే, రేపట్నించి నీ సాలు నా పక్కన."

సర్దారు కాగితం ఊపుతూ వచ్చాడు. ఆడవాళ్లు చుట్టూ చేరారు. అతను తిరిగి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి నాకు ఇంకో భయం పట్టుకుంది. ఈమె కాకపోతే వేరే తోటకి పంపారేమో. అవతలి దీవిలో లాబాసా వైపు దింపారేమో. ఓడలో వచ్చిన ఆడవాళ్లందరినీ చూసిన మనిషి ఎవరూ దొరకలేదు. ఉన్న లెక్కలన్నీ వేశాను. ఏ లెక్కా తేలలేదు.

జవాబు

ఇరవై మూడు రోజుల తర్వాత ఉత్తరం వచ్చింది. మిల్లు దగ్గర నుంచి నేనే తెచ్చాను. దారిలో విప్పి చూడాలనిపించింది, విప్పలేదు. పైడమ్మ గదిముందు వీపు గోడకి ఆనించి కూర్చుని ఉంది. ముందుకి వెళ్లి నిలబడి పిలిచాను.

చదివాను.

"అప్పకి సింహాచలం రాయించేది. నేను మన ఇంట్లోనే ఉన్నాను. డిపో మనిషి వచ్చిన వారానికి నీ ఉత్తరం వచ్చింది. అతనూ అరుగు మీద కూర్చున్నాడు. మేక ఈనిందని విని నవ్వాడు. బండి తెచ్చాను రమ్మన్నాడు. నేను రానన్నాను. ఎందుకని అడిగితే చెప్పలేదు."

పైడమ్మ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. మిగిలింది చదివాను.

"మీ పక్క గది ఆమె సంగతి విన్నాక అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు తనే నన్ను అరుగు దగ్గరికి తీసుకొచ్చి ఈ మాట రాయించమంది. ఆ పిల్లని భయపడొద్దని చెప్పమంది. గిర్మిట్ తీరగానే మన ఇంటికే రమ్మంది. ఊళ్లో ఎవరేమన్నా తను చూసుకుంటానంది. నాకు ఇద్దరే కూతుళ్లని ఎవరన్నారు అంది."

"ఆ అమ్మ మాట ఇంకోసారి సదువు."

చదివాను.

"ఇంకోసారి."

చదివాను. రావులమ్మ లోపలి నుంచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"అమ్మకి తెలిసిపోనాది అన్నా," అంది పైడమ్మ.

కాగితం తీశాను. ఈసారి వరుసలు గీయలేదు.

"రాయి," అంది. "బంగారమ్మకి ఇంకా రెండేళ్ల గిర్మిట్ ఉంది. అదవగానే బయల్దేరతాది. అమ్మని అన్నం తినమంది. అని రాయి."

రాశాను. ఆమె అన్నంతవరకే రాశాను. పేజీలో సగం పైగా ఖాళీ ఉంది. ఎప్పుడూ మొదట రాసే మాట రాయలేదని గుర్తొచ్చి అడిగాను.

"పైడమ్మా, నువ్వు బాగున్నావని రాయనా?"

ఆమె కాగితం మీది ఖాళీ వైపు చూసింది.

"ఒద్దన్నా," అంది.